బార్లాఖ్ సంతకం సంగతి కూడా చెప్పాలి

గొప్పవాళ్ళ గురించి మనం తెలుగులో రాసే వ్యాసాలు ఎక్కువగా ఒకేలా ఉంటాయి. ఫలానా ఊళ్ళో పుట్టారు, కష్టపడి చదివారు, గొప్ప పనులు చేశారు, పేరు తెచ్చుకున్నారు, కన్నుమూశారు. భాష నేర్చుకునేవాళ్ళకి ఇలాంటి వ్యాసం తేలిక. "చేశారు", "పొందారు", "నిలిచారు" అనే మూడు క్రియలు వస్తే పేజీ నిండిపోతుంది. "కానీ" అనే మాటతో పనే ఉండదు.

నాకు ఈ పద్ధతి నచ్చదు. "కానీ" తీసేస్తే ఆ మనిషి మిగలరు. దండ వేసిన ఫొటో మిగులుతుంది. దీనికి ఉదాహరణగా ఒక జర్మన్ శిల్పి జీవితం చెప్తాను. ఆయన కథలో పెద్ద "కానీ"లు రెండున్నాయి. ఆయన్ని ఇష్టపడేవాళ్ళు వాటిని గబగబా దాటేస్తారు. ఇష్టపడనివాళ్ళు వాటి దగ్గరే ఆగిపోతారు. రెండూ సరికాదని నా అభిప్రాయం.

ఆయన పేరు ఎర్నస్ట్ బార్లాఖ్. చివరి అక్షరం "ఖ"కీ "హ"కీ మధ్యలో, గొంతులోంచి పలకాలి.

ముందు ఆయన చేసిన ఒక శిల్పం గురించి చెప్తాను. ఉత్తర జర్మనీలో గ్యూస్ట్రో అనే చిన్న ఊరు ఉంది. అక్కడి పాత చర్చిలో పైకప్పు నుంచి ఒక గొలుసు దిగుతుంది. ఆ గొలుసుకి ఒక కంచు దేవదూత వేలాడుతూ ఉంటుంది. సుమారు రెండు మీటర్ల పొడవు, పావు టన్ను బరువు. అది నిలబడి ఉండదు, కూర్చుని ఉండదు. బోర్లా పడుకున్న మనిషిలా, నేలకి సమాంతరంగా గాలిలో ఉంటుంది. రెక్కలు లేవు. చేతులు రెండూ గుండె మీద ముడుచుకుని ఉంటాయి. కళ్ళు మూసుకుని ఉంటాయి, పెదాలు కూడా. జర్మన్ భాషలో దాని పేరుకి "తేలుతున్నవాడు" అని అర్థం. 1914 నుంచి 1918 దాకా జరిగిన యుద్ధంలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా 1927లో దాన్ని పెట్టారు. ఆ చర్చికి 700 ఏళ్ళు నిండిన సందర్భం అది. బార్లాఖ్ ఆ ఊళ్ళోనే ఉండేవారు. తన పనికి డబ్బు తీసుకోలేదు.

దీన్ని తెలుగులో ఏమనాలి? "విగ్రహం" అంటే మనకి రెండు గుర్తొస్తాయి. ఒకటి గర్భగుడిలో దేవుడు. రెండోది నాలుగు రోడ్ల కూడలిలో చెయ్యి ఎత్తి నిలబడ్డ నాయకుడు. ఇది ఆ రెండూ కాదు. దీనికి ఎవరూ పూజ చెయ్యరు. ఇది ఎవరికీ దారి చూపించదు. "బొమ్మ" అంటే చిన్నదైపోతుంది. "శిల్పం" అంటే రాయీ ఉలీ గుర్తొస్తాయి కానీ, ఉన్నవాటిలో అదే నయం. ఇది మాత్రం రాతిలో చెక్కింది కాదు, పోత పోసింది. కరిగించిన లోహాన్ని అచ్చులో పొయ్యడాన్ని పోత అంటారు. ఈ రెండు మాటలూ, అచ్చు, పోత, గుర్తుపెట్టుకోండి. ముందు ముందు కావాలి.

బార్లాఖ్ 1870 జనవరి 2న హాంబుర్గ్ దగ్గర వేడెల్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి డాక్టరు. కొడుకుకి 14 ఏళ్ళప్పుడు ఆయన పోయారు. బార్లాఖ్ హాంబుర్గ్‌లో, డ్రెస్డెన్‌లో శిల్పం నేర్చుకున్నారు. కొంతకాలం పారిస్‌లో ఉన్నారు. అయినా 36 ఏళ్ళు వచ్చేదాకా తనదంటూ ఒక దారి దొరకలేదు. 1906లో తమ్ముడిని చూడటానికి ఖార్కివ్ వైపు వెళ్ళారు. ఆ ఊరు ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉంది, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉండేది. అక్కడ రెండు నెలల పాటు రైతుల్నీ, బిచ్చగాళ్ళనీ చూసి బొమ్మలు గీసుకున్నారు. తిరిగొచ్చాక ఆయన చేసిన మనుషులు మారిపోయారు. బరువైన ముతక బట్టలు చుట్టుకుని, ఒక ముద్దలా, ఒక దుంగలా కనిపిస్తారు. ఆయన ఎక్కువగా కొయ్యలో చెక్కేవారు. 1910లో గ్యూస్ట్రోలో స్థిరపడ్డారు. నాటకాలు కూడా రాశారు. 1924లో వాటికి క్లైస్ట్ బహుమతి వచ్చింది.

ఇక్కడిదాకా దండ వేసిన ఫొటోకి సరిపోతుంది. ఇప్పుడు మొదటి "కానీ".

1914లో యుద్ధం మొదలైనప్పుడు బార్లాఖ్ దాన్ని ఉత్సాహంగా స్వాగతించారు. ఆ ఏడాదే ఒక శిల్పం చేశారు. దాని పేరుని "ప్రతీకారం తీర్చుకునేవాడు" అని చెప్పుకోవచ్చు. పొడుగు అంగీ వేసుకున్న మనిషి. చేతుల్లో కత్తి ఎత్తి పట్టుకుని ముందుకి దూకుతుంటాడు. ఎంత వేగంగా దూకుతున్నాడంటే ఒళ్ళంతా దాదాపు నేలకి సమాంతరంగా వచ్చేస్తుంది. దాని కంచు పోత ఒకటి లండన్‌లో టేట్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. అదే ఆకారాన్ని లిథోగ్రాఫ్‌గా చేసి, "పవిత్ర యుద్ధం" అని పేరు పెట్టి, యుద్ధాన్ని సమర్థించే ఒక పత్రికకి ఇచ్చారు.

1915 చివర్లో, 45 ఏళ్ళ వయసులో, ఆయన్ని సైన్యంలోకి పిలిచారు. యుద్ధరంగం దాకా వెళ్ళలేదు. కొద్ది నెలలకే ఇంటికి పంపించేశారు. కానీ అప్పటికే ఆయన మారడం మొదలైంది. 1916లో ఆయన చేసిన ఒక లిథోగ్రాఫ్‌లో సైతాను క్రీస్తుకి భూమిని చూపిస్తుంటాడు. కనుచూపు మేరా సమాధుల శిలువలే. రెండేళ్ళ కిందట "పవిత్రం" అన్న చెయ్యే ఇది కూడా గీసింది.

ఇప్పుడు 1914 నాటి కత్తి మనిషినీ, 1927 నాటి దేవదూతనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫొటోలు తేలిగ్గా దొరుకుతాయి. ఇద్దరూ నేలకి సమాంతరంగానే ఉన్నారు. ఇద్దరి ఒంటి మీదా పొడుగు అంగీయే. ఒకడు ముందుకి దూకుతున్నాడు, ఒకరు కదలకుండా ఉన్నారు. కత్తి ఎత్తిన చేతులు గుండె మీదికి వచ్చాయి. ఇది నా చూపు మాత్రమే అనుకోను. రెండూ చూసిన ఎవరికైనా తట్టే సంగతే. మొదటిదాన్ని ఆయన దాచలేదు, ఖండిస్తూ వ్యాసం రాయలేదు. అదే ఆకారాన్ని మళ్ళీ తీసుకుని వేరే మాట చెప్పించారు. 1914 సంగతి మనం దాచేస్తే ఈ దేవదూత మామూలు చర్చి అలంకారం అవుతుంది. చెప్తే, కత్తి దించిన మనిషి కనిపిస్తాడు.

దేవదూత ముఖం గురించి కూడా చెప్పాలి. అది కేటె కోల్విట్జ్ అనే కళాకారిణి ముఖంలా ఉంటుంది. కావాలని పెట్టలేదని, తనకి తెలియకుండానే ఆవిడ ముఖం వచ్చేసిందని బార్లాఖ్ తర్వాత చెప్పారు. కోల్విట్జ్ గారి చిన్న కొడుకు పీటర్ 1914 అక్టోబరులో బెల్జియంలో చనిపోయాడు. వయసు 18. సైన్యంలో చేరాలంటే తండ్రి అనుమతి కావాల్సిన వయసు. తండ్రి వద్దన్నారు. తల్లే భర్తని ఒప్పించి కొడుకుని పంపింది. ఆ తర్వాత ఆవిడ బతికినంతకాలం యుద్ధానికి వ్యతిరేకంగా పని చేశారు. బెల్జియంలో కొడుకు సమాధి దగ్గర పెట్టడానికి మోకాళ్ళ మీద కూర్చున్న తల్లిదండ్రుల శిల్పాలు చేశారు. అవి పూర్తయ్యేసరికి 1932 వచ్చింది. అంటే ఈ దేవదూతలో ఇద్దరు మనుషుల "కానీ"లు కలిసి ఉన్నాయి. చేసినవారిదొకటి, ముఖం ఇచ్చినవారిదొకటి.

మూసిన కళ్ళ గురించి ఒక మాట. గుడిలో సేవ చేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన దృశ్యం. హారతి కోసం జనం చాలాసేపు నిలబడతారు, ముందువాళ్ళ భుజాల మీంచి తొంగి చూస్తారు. తీరా తెర తీసేసరికి చాలామంది కళ్ళు మూసుకుంటారు. చూడటానికి వచ్చి కళ్ళు ఎందుకు మూసుకుంటారని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ ఎదురుగా ఉన్నదాని మీదే ధ్యాస ఉంటుంది. మూసుకున్నాక మన సంగతి మనకి గుర్తొస్తుంది. గ్యూస్ట్రో దేవదూత కింద నిలబడ్డ తల్లికీ తండ్రికీ అదే జరిగి ఉంటుందని నేను అనుకుంటాను. వీరుడి విగ్రహం అయితే "నీ కొడుకు గొప్ప పని చేశాడు" అని వాళ్ళకి చెప్పేది. ఇది ఏమీ చెప్పదు. వాళ్ళ దుఃఖాన్ని వాళ్ళకే వదిలేస్తుంది.

సరిగ్గా ఇదే చాలామందికి నచ్చలేదు. బార్లాఖ్ చేసిన ఇతర స్మారకాలు కూడా ఇలాంటివే. 1929లో మాగ్డెబుర్గ్ చర్చికి ఆయన కొయ్యలో ఒక స్మారకం చెక్కారు. పైన ముగ్గురు సైనికులు నిలబడి ఉంటారు. వాళ్ళ కింద హెల్మెట్ పెట్టుకున్న అస్థిపంజరం, తల వంచి ఏడుస్తున్న స్త్రీ, గ్యాస్ మాస్కు ఉన్న మనిషి. గెలుపు లేదు, జెండా లేదు. జాతీయవాదులైన మాజీ సైనికుల సంఘాలు దీని మీద మండిపడ్డాయి. ఆయన చేసిన మనుషులు జర్మన్లలా లేరన్నారు. ఆయన యూదుడని పుకారు పుట్టించారు. ఆయన యూదుడు కారు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక దాడి ఇంకా పెరిగింది. 1934లో మాగ్డెబుర్గ్ స్మారకాన్ని చర్చిలోంచి తీసేశారు.

రెండో "కానీ" ఆ ఏడాదిదే. 1934 ఆగస్టులో అధ్యక్షుడు హిండెన్‌బుర్గ్ చనిపోయారు. అధ్యక్ష పదవినీ, ఛాన్సలర్ పదవినీ కలిపి హిట్లర్ చేతిలో పెట్టడానికి ప్రజల ఓటు అడిగారు. దానికి మద్దతుగా కళాకారుల పేరుతో ఒక ప్రకటన పత్రికలో వచ్చింది. సంగీతకారుడు రిచర్డ్ స్ట్రాస్, చిత్రకారుడు ఎమిల్ నోల్డె, ఇంకా పేరున్నవాళ్ళు ఎందరో దాని మీద సంతకం పెట్టారు. అందులో ఎర్నస్ట్ బార్లాఖ్ సంతకం కూడా ఉంది.

ఆ సంతకం ఆయన్ని కాపాడలేదు. 1936లో ఆయన బొమ్మల పుస్తకాన్ని పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. 1937లో "దిగజారిన కళ" అని ముద్ర వేసి, జర్మనీలోని మ్యూజియంలలో ఉన్న ఆయన పనుల్ని వందల సంఖ్యలో తొలగించారు. ఆ ఆగస్టులోనే గ్యూస్ట్రో దేవదూతని గొలుసు నుంచి దించేశారు. యుద్ధం వచ్చాక ఆ కంచుని ఆయుధాల అవసరం కోసం కరిగించేశారు. యుద్ధంలో పోయినవాళ్ళ జ్ఞాపకం ఇంకో యుద్ధానికి సామగ్రి అయిపోయింది. బార్లాఖ్ అది చూడలేదు. 1938 అక్టోబరు 24న రోస్టోక్‌లో ఆసుపత్రిలో చనిపోయారు. శవపేటికలో ఉన్న ఆయన ముఖాన్ని కోల్విట్జ్ గారు వచ్చి గీసుకున్నారు. దేవదూతకి తన ముఖం ఇచ్చిన మనిషి, దాన్ని చేసిన మనిషి ముఖాన్ని చివరిసారి చూసి గీశారు.

ఇప్పుడు అచ్చు సంగతి. కంచు కరిగిపోయినా మూల ఆకారం మిగిలి ఉంది. స్నేహితులు దాంతో రహస్యంగా రెండో పోత పోయించి ఒక పల్లెటూళ్ళో దాచారు. 1952లో దాన్ని పశ్చిమ జర్మనీలో కొలోన్ నగరంలోని ఆంటోనిటర్ చర్చిలో వేలాడదీశారు. కింద రాతి మీద ఇప్పుడు రెండు యుద్ధాల సంవత్సరాలు ఉన్నాయి. ఆ రెండోదాని నుంచి మళ్ళీ అచ్చు తీసి మూడో పోత పోశారు. 1953లో అది గ్యూస్ట్రోకి చేరింది. ఆ ఊరు అప్పుడు తూర్పు జర్మనీలో ఉంది. అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వానికి కూడా బార్లాఖ్ అంటే మొదట్లో పడలేదు. 1951 చివర్లో తూర్పు బెర్లిన్‌లో ఆయన ప్రదర్శన పెడితే, ఇందులో ఆశ లేదు, పోరాటం లేదు అని పార్టీవాళ్ళు విమర్శించారు. నాటక రచయిత బ్రెష్ట్ ఆయన వైపు నిలబడి రాశారు. 2014లో గ్యూస్ట్రో దేవదూత లండన్ బ్రిటిష్ మ్యూజియంకి కూడా వచ్చింది. జర్మనీ చరిత్ర మీద పెట్టిన ప్రదర్శన అది.

ఇదీ కథ. ఇప్పుడు నా వాదన.

బార్లాఖ్‌ని ఇష్టపడేవాళ్ళు చాలామంది 1937 దగ్గర మొదలుపెడతారు. నాజీలు హింసించిన కళాకారుడు అంటారు. అది నిజం. కానీ 1934 చెప్పకుండా 1937 చెప్తే వినేవాళ్ళకి ఒక అబద్ధం అందుతుంది. మంచివాళ్ళు చెడ్డ కాగితాల మీద సంతకాలు పెట్టరు అనే అబద్ధం. ఇది ప్రమాదం. ఎందుకంటే సంతకం పెట్టమని ఒక కాగితం ఎవరి ముందుకైనా ఒకరోజు రావచ్చు. ఆఫీసులో రావచ్చు, సంఘం మీటింగులో రావచ్చు, వాట్సాప్‌లో "మీ పేరు కూడా చేర్చండి" అని రావచ్చు. నేను మంచివాణ్ణి కదా, నేను పెడితే అది మంచిదే అయ్యుంటుంది అనుకునేవాడికి ఆ కాగితం చదవాలని కూడా తోచదు. బార్లాఖ్ లాంటి మనిషి పెట్టారని తెలిసినవాడు కనీసం ఒకసారి ఆగుతాడు.

ఇంకో వైపువాళ్ళు, సంతకం పెట్టినవాడి శిల్పం మనకెందుకు అంటారు. ఈ మాట వినడానికి గట్టిగా ఉంటుంది, కానీ నిలబడదు. 1934లో పెట్టిన సంతకం 1927లో చేసిన పనిని చెరపలేదు. ఆ ప్రభుత్వానికి కూడా ఈ తేడా బాగా తెలుసు. సంతకం తీసుకుంది, శిల్పాన్ని మాత్రం కరిగించింది. సంతకం వాళ్ళకి పనికొచ్చింది, శిల్పం పనికిరాలేదు. ఏది వాళ్ళ వైపు ఉందో, ఏది లేదో వాళ్ళే తేల్చి చెప్పారు.

అయితే రెండు "కానీ"లూ ఒకటేనా? కాదని నేను అంటాను. 1914లో అన్న మాటకి ఆయన తన చేతులతోనే జవాబు ఇచ్చారు. 13 ఏళ్ళు పట్టింది, కానీ అందరి ముందూ ఇచ్చారు. 1934 సంతకానికి అలాంటి జవాబు లేదు. ఆ రోజుల్లో ఆయన కొయ్యలో ఒక స్త్రీని చెక్కారు. శాలువా చుట్టుకుని నిటారుగా నిలబడి ఉంటుంది. దానికి "చెడ్డ సంవత్సరం 1937" అని పేరు పెట్టారు. కొందరు దాన్ని జవాబు అనుకుంటారు. నేను అనుకోను. అది తన బాధ చెప్పుకోవడం. తన సంతకం గురించి అందులో ఏమీ లేదు. 1938లో ఆయన పోయారు. కాబట్టి ఆ లెక్క తేలకుండానే ఉంది. దాన్ని అలాగే ఉంచాలి. మనం వెనకేసుకొచ్చి తేల్చెయ్యకూడదు, తిట్టి తేల్చెయ్యకూడదు.

ఇంకొక అభ్యంతరం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. భయం లేని దేశంలో కూర్చుని, పోలీసులు తలుపు కొట్టే కాలంలో బతికిన మనిషి గురించి తీర్పు చెప్పడానికి మనమెవరం? నిజమే, తీర్పు మన పని కాదు. కానీ చెప్పడం వేరు, తీర్పు వేరు. మన ఇళ్ళల్లో ఈ రెండూ కలిసిపోయాయి. పోయినవాళ్ళ తప్పు ఎత్తితే అమర్యాద అంటారు. అందుకే మన తాతల గురించి, నాయకుల గురించి, గురువుల గురించి పిల్లలకి సగమే తెలుస్తుంది. మిగతా సగం వాళ్ళు ఎక్కడో ఇంగ్లీషులో చదువుకుంటారు. అప్పుడు తెలుగు అంటే పొగిడే భాష, ఇంగ్లీషు అంటే నిజం చెప్పే భాష అని వాళ్ళ మనసులో పడిపోతుంది. ఇంగ్లీషు మీడియంలో చదువుకుని తెలుగుకి ఆలస్యంగా వచ్చినవాళ్ళలో నేనూ ఒక మనిషిని. ఈ సంగతి నాకు గట్టిగా తగులుతుంది.

నిజానికి మర్యాదగా తప్పు చెప్పడానికి తెలుగులో వీలుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే సర్వనామం. మనకి "వాడు", "అతను", "ఆయన" ఉన్నాయి. కోపం వస్తే "ఆయన" నుంచి "వాడు"కి దిగిపోతాం. దిగక్కర్లేదు. "ఆయన సంతకం పెట్టారు" అనొచ్చు. ఆ చిన్న వాక్యంలో గౌరవం ఉంది, తప్పు కూడా ఉంది. రెండోదాన్ని చెప్పడానికి మొదటిదాన్ని వదులుకోనక్కర్లేదు. ఈ వ్యాసంలో నేను మొదటి నుంచీ బార్లాఖ్‌ని "ఆయన" అనే అన్నాను, సంతకం పేరాలో కూడా.

మీరు తెలుగులో ఎవరి జీవితం గురించైనా రాసేటప్పుడు ఇది ప్రయత్నించండి. మీ తాతగారి గురించి కావచ్చు, ఒక స్వాతంత్ర్య యోధుడి గురించి కావచ్చు. బార్లాఖ్ గురించి అయితే నేను ఇలా రాస్తాను. "1914లో ఆయన యుద్ధాన్ని పవిత్రం అన్నారు. 1927లో యుద్ధంలో పోయినవాళ్ళ కోసం కళ్ళు మూసుకున్న దేవదూతని చేశారు. 1934లో హిట్లర్‌కి మద్దతుగా సంతకం పెట్టారు. 1937లో ఆ దేవదూతని దించేశారు. ఇప్పుడు దాని పోతలు జర్మనీలో రెండు చర్చిలలో వేలాడుతున్నాయి." ఐదు వాక్యాలు, అన్నీ చిన్నవే, నేర్చుకుంటున్న ఎవరైనా రాయగలిగినవే. వాటిలో ఏ ఒక్కటీ తియ్యకండి.